సెలవులలో పుస్తకపఠనము



వేసవి సెలవులు వచ్చినవన్న మాట చెవినిబడగానే, ఏడాది పొడవునా మోసిన పుస్తకముల సంచిని మూలకు విసరి, చెట్లనీడలకు పరుగిడు బాలబాలికల యానందమును కాదనువారెవ్వరు? కాని యెఱ్ఱగుంట్ల వంటి నాపరాతిగనుల సీమలో, మధ్యాహ్నపుటెండకు బండలు నిప్పులు చెఱుగువేళ, బిడ్డలు ఇల్లు కదలలేని యా రెండుమూడు గంటలును పఠనమునకు దైవమిచ్చిన యవకాశమని పెద్దలు గుర్తింపవలెను.

అభ్యాసము లేని విద్య మఱపునకు లోనగుట సహజము. అట్లని సెలవులలోను పాఠములే వల్లె వేయింపబనిలేదు. బిడ్డ తనకు నచ్చిన కథను తానే యెన్నుకొని చదువుకొన్నను, భాషయు ఊహయు సడలిపోక నిలుచును.

ఈ సత్యమును మన జిల్లావారే తొల్లి గ్రహించిరి. కడప జిల్లా పొట్టిపాడున 1912లో జన్మించిన బి. నాగిరెడ్డిగారు, చక్రపాణిగారితో గూడి, 1947 జూలైలో ‘చందమామ’ మాసపత్రికను వెలయించి, తెలుగుబిడ్డలకు చదువును వేడుకగా మార్చిరి. ఇక పుస్తకములు దొరకు తావులకును కొదువ లేదు. కడప పట్టణమున, తెలుగుభాషకు సేవచేసిన సి.పి. బ్రౌనుదొర నివసించిన చోటనే ఆయన పేర గ్రంథాలయము వెలసినది. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి జిల్లా గ్రంథాలయ సంస్థల యాధ్వర్యవమున శాఖాగ్రంథాలయములు నడచుచున్నవి. వాని గడపను బిడ్డలచే త్రొక్కించుట మన వంతు.

కావున తల్లిదండ్రులారా, ప్రొద్దుటూరికో జమ్మలమడుగునకో పులివెందులకో పోయినప్పుడు, బట్టలతోబాటు ఒక కథలపుస్తకమును గూడ కొని తెండు. రాత్రి ఆరుబయట మంచముపై గూర్చున్న యవ్వకు ఒక కథ చదివి వినిపింపుమని బిడ్డను అడుగుడు. వినువారుండిన చదువువారికి ఉత్సాహము తానే కలుగును.