సదరం శిబిరానికి వెళ్ళే దారి – సమాజ బాధ్యత

సకల స్తోత్రాలు సర్వలోకాల పోషకుడైన అల్లాహ్‌కే చెల్లుతాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!



మక్కాలో ఒకనాడు దైవప్రవక్త (సఅసం) ఖురైష్ నాయకులకు ధర్మబోధ చేస్తూ ఉండగా, అంధుడైన హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి తనకు ధర్మం నేర్పమని కోరారు. మాటకు అంతరాయం కలగడంతో ప్రవక్త (సఅసం) ముఖం చిట్లించారు. ఆ ముఖాన్ని ఆ అంధుడు చూడలేదు. కాని అల్లాహ్ చూశాడు. తన ప్రియ ప్రవక్తనే మందలిస్తూ 'అబస' సూరాను అవతరింపజేశాడు. తరువాతి కాలంలో ఆయనే మదీనాలో అజాన్ పలికారు. ప్రవక్త (సఅసం) ప్రయాణమై వెళ్ళినప్పుడు మదీనాలో వారి ప్రతినిధిగా నిలిచారు.

వికలాంగుని పట్ల ఒక్క క్షణపు ముఖకవళికను సైతం అల్లాహ్ ఉపేక్షించలేదు. మరి మన నిర్లక్ష్యాన్ని ఉపేక్షిస్తాడా?

సోదరులారా! మన దివిసీమ చివరన, సముద్రపు ఒడ్డున ఉన్న పాలకాయతిప్పలో నడవలేని సోదరుడొకడు ఉన్నాడనుకుందాం. పింఛను పొందాలంటే అతనికి సదరం ధ్రువపత్రం కావాలి. అందులో వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు. స్లాటు నమోదు చేసుకుని, పిలిచిన ఆసుపత్రికి వెళ్ళాలి. అది మచిలీపట్నమైతే కోడూరు, అవనిగడ్డ, పులిగడ్డ అక్విడక్టు, చల్లపల్లి దాటి పోవాలి. తాను మెట్లు ఎక్కలేనని నిరూపించుకోవడానికి అతడు ముందుగా బస్సు మెట్లు ఎక్కాలి! చేరిన చోట ర్యాంపు లేకపోతే మరికొన్ని మెట్లు. చెవులు వినిపించనివారిని పేరు పెట్టి పిలుస్తారు. కళ్ళు కనిపించనివారి చేతిలో టోకెను కాగితం పెడతారు. తగిన మరుగుదొడ్డి ఉండదేమోనన్న భయంతో ఉదయం నుండి నీళ్ళు తాగకుండా కూర్చునే స్త్రీలు ఉన్నారు.

ఇటువంటివారి పట్ల ప్రవక్త (సఅసం) ఆచరణ ఏమిటి? మతి స్థిమితం లేని ఒక స్త్రీ తనకు వారితో పని ఉన్నదని చెప్పినప్పుడు, ఏ వీధి నీకు అనుకూలమో నీవే ఎంచుకో అన్నారు. ఆమె కోరిన చోటికి వెళ్ళి, ఆమె అవసరం తీరేవరకు నిలబడ్డారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఎక్కడ కలవాలో అవసరం ఉన్నవారే నిర్ణయించారు. నడిచి వెళ్ళినది మాత్రం నాయకుడు.

ఇది అసాధ్యమేమీ కాదు. 2025 జనవరిలో మన రాష్ట్రంలో పింఛన్ల పునఃపరిశీలన మొదలైనప్పుడు, నెలకు 15,000 రూపాయలు పొందుతూ మంచానికే పరిమితమైనవారి ఇళ్ళకు వైద్య బృందాలే వెళ్ళాయి. ప్రభుత్వ భవనాలు, సేవలు వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతున్నది. కనుక చక్రాల కుర్చీ అడగడం, సైగల భాష తెలిసినవారిని కోరడం, తోడుగా ఒకరిని లోపలికి రానివ్వమనడం యాచన కాదు, హక్కు. సిగ్గుపడి మౌనంగా ఉండవద్దు. స్లాటు నమోదు చేసే రోజునే తమ అవసరాన్ని చెప్పుకోవాలి. వారు చెప్పలేకపోతే మనం చెప్పాలి.

మనిషిని వాహనంపై ఎక్కించడం, అతని సామాను అందించడం దానమని ప్రవక్త (సఅసం) బోధించారు. నేడు ఆటోలో ఒకరిని కూర్చోబెట్టి శిబిరానికి తీసుకువెళ్ళడం, వరుసలో వారి బదులు నిలబడటం, ఆధార్ కార్డును, పాత వైద్య పత్రాలను సర్ది ఇవ్వడం ఆ దానమే. మన మహల్లాలో ఎవరికి ఏ తేదీన పిలుపు వచ్చిందో తెలుసుకుని, ఒక్కరిని కూడా ఒంటరిగా పంపకుండా చూడటం మనందరి బాధ్యత.

మరొక మాట. వైద్యుని ఎదుట సత్యమే పలకాలి. లేని బాధను ఉన్నదనరాదు. ఉన్న బాధను అభిమానంతో దాచుకోనూ రాదు. అబద్ధపు ధ్రువపత్రంతో పింఛను తీసుకునేవాడు ప్రభుత్వ ధనాన్ని మాత్రమే అపహరించడం లేదు. అనర్హులను ఏరివేయడానికి పరీక్ష మళ్ళీ పెట్టినప్పుడు, నిజంగా కాళ్ళు లేనివాడు మళ్ళీ ఆ బస్సు ఎక్కవలసి వస్తుంది. ఆ ప్రయాణపు బాధలో ఆ అబద్ధానికి భాగం ఉన్నది. ప్రళయదినాన దానికి సమాధానం చెప్పుకోవాలి.

ఇతరులను అడిగే ముందు మన మస్జిదులను కూడా చూసుకుందాం. వుజూ చేసే చోట కూర్చోవడానికి ఎత్తయిన పీట ఉన్నదా? గుమ్మం వద్ద పట్టుకోవడానికి కడ్డీ ఉన్నదా? చక్రాల కుర్చీ లోపలి వరకు రాగలదా? లేకపోతే ఆ పనిని ఈ వారమే ప్రారంభిద్దాం.

ఓ అల్లాహ్! బలహీనుల దారిని సుగమం చేయి. వారి దారిలో మమ్మల్ని అడ్డుగా కాక ఆసరాగా నిలుపు. మా నాలుకలకు సత్యాన్ని, మా హృదయాలకు కరుణను ప్రసాదించు. ఆమీన్.