బడి విడిచిన తర్వాత మన పిల్లలు ఎక్కడున్నారు?

(బల్మూర్‌లో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి మాట్లాడతానని అనుకొని వచ్చి ఉంటారు. దానికీ వస్తాను. ముందు ఒకటి అడుగుతాను. బడి నాలుగు దాటాక విడుస్తారు. మనం చేను నుంచి ఇల్లు చేరేది పొద్దుగూకినాక. మధ్యలో ఆ రెండు మూడు గంటలు మన పిల్లలు ఎక్కడుంటున్నారు?

నా సంగతి చెబుతాను. పత్తి తీసే రోజుల్లో మా పెద్దోణ్ణి బడి నుంచి నేరుగా చేనుకే రమ్మనేవాణ్ణి. తీసిన పత్తికి కిలో లెక్కన కూలి ఇవ్వాలి కదా, ఇంకో రెండు చేతులుంటే కొంత మిగులుతుందని. రాత్రి పుస్తకం ముందు కూర్చునే నిద్రపోయేవాడు. పదో తరగతిలో లెక్కలు తప్పాడు. వాణ్ణే తిట్టాను.

గద్వాల వైపు సీడు పత్తి చూడండి. మధ్యాహ్నం దాటాక మొగ్గలు ఒలవాలి, మర్నాడు పొద్దున్నే పుప్పొడి అద్దాలి. బడికి ముందు గంటలు, బడి తర్వాత గంటలు, రెండూ ఆ పంటకే కావాలి. విత్తనానికి కట్టించే ధరలో పెద్దవాళ్ల కూలి గిట్టకపోతే రైతు పిల్లల వైపు చూస్తాడు. ధర సంగతి ఇక్కడే వచ్చింది. రైతును తప్పుపట్టే వాళ్లు ఆ ధరను కూడా చూడాలి.

14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవద్దని 2016 సవరణ చట్టం చెప్పింది. సొంత కుటుంబం పనిలో మాత్రం బడి అయ్యాక, సెలవుల్లో సాయం చేయవచ్చని వదిలేసింది. చట్టం ఒప్పుకుంది సరే, పొద్దంతా బడిలో కూర్చున్న పిల్ల ఒళ్లు ఒప్పుకుంటుందా?

'పని రాకపోతే రేపు ఎట్ల బతుకుతరు' అని ఇందాక ఒక పెద్దాయన అన్నారు. నిజమే. ఆదివారం నేర్పుదాం. సాయంత్రాలు మాత్రం చదువుకు వదిలేద్దాం.

ఎక్కడ కూర్చోబెట్టాలి అంటారా? 5 వేల ఎకరాలకు ఒకటి చొప్పున రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. హాలుంది, ఫ్యాన్లున్నాయి, కరెంటుంది. మన సమావేశాలు లేని సాయంత్రాల్లో అందులో మన పిల్లలు కూర్చుంటే ఎవరికి నష్టం? ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. మరి మన ఊరికి ఎన్ని పుస్తకాలు వచ్చాయో అడిగామా? కృష్ణ దాటితే రాయచూరు. అక్కడి ప్రభుత్వం 2020లో పంచాయతీ గ్రంథాలయాల్లో పిల్లలను ఉచితంగా సభ్యులుగా చేర్చుకోవడం మొదలుపెట్టింది.

ఇంకొకటి, ఆడపిల్లల సంగతి. పదో తరగతికి సాయంత్రం ప్రత్యేక తరగతులు పెడతారు. తండా పిల్ల చీకటి పడ్డాక ఎట్లా వస్తుంది? టికెట్ ఉచితమే, బస్సు ఉండాలి కదా. బస్సు లేక ప్రత్యేక తరగతి మానేసిన పిల్లను తర్వాత బడే మాన్పిస్తారు, ఆ తర్వాత పెళ్లి మాట ఎత్తుతారు. డిపో మేనేజరుకు ఇచ్చే వినతిపత్రంలో తరగతి విడిచే టైము రాసి మరీ అడగాలి.

చదువు చెప్పేదెవరని భయపడకండి. డిగ్రీ చదివి ఇంటి దగ్గరున్న పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్లకు ఊరికే చెప్పమనొద్దు, ఇంటికింత వేసుకొని ఇద్దాం. పిల్లలకు గుప్పెడు ఉడకబెట్టిన పల్లికాయ పెడదాం, మన పంటే కదా.

సభ అయ్యాక ఊరికి ఇద్దరు చొప్పున ఇక్కడే ఆగండి, పేర్లు రాసుకుందాం. మొదటి పని, మీ క్లస్టరు రైతు వేదిక తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని రండి.