ట్రాక్టరు పవర్ స్టీరింగు: ఏ భాగము ఎక్కడ ఉన్నది?



చెరకు బరువుతో కాలువగట్టు మీద వచ్చునప్పుడు స్టీరింగు మొరాయిస్తే ఏమగునో మీకు నేను చెప్పనక్కరలేదు. వెనుకటి ట్రాక్టర్లను తిప్పుటకు భుజబలము కావలసి ఉండెడిది. పవర్ స్టీరింగు వచ్చి ఆ శ్రమను నూనె మీద పెట్టినది. అయితే ఆ నూనె ఎక్కడ నుండి ఎక్కడకు పోవుచున్నదో ఎరిగిన వారు తక్కువ.

ముందుగా మీ ట్రాక్టరు ఏ రకమో చూచుకొనండి. కొన్నింటిలో పాత పద్ధతి గేరుపెట్టె, కడ్డీలు అట్లే ఉండి, నూనె సాయము మాత్రమే చేయును. చాల కొత్త ట్రాక్టర్లలో చేతిలోని చక్రమునకు, ముందు చక్రములకు మధ్య ఏ కడ్డీయు లేదు, ఉన్నదంతా నూనెయే. రెండు ముందు చక్రములను కలిపే కడ్డీని చూచి పొరబడకండి, అది అన్నింటికీ ఉంటుంది. ఈ రెండవ రకములో ఇంజను ఆగినను చక్రమును బలవంతముగా తిప్పవచ్చును. కాని గొట్టము పగిలి నూనె కారిపోతే చక్రము ఊరక తిరుగును, బండి మాత్రము తిరగదు. అందుచేతనే ఈ గొట్టములను చూచుకొనుట మెకానిక్కు పని మాత్రమే కాదు.

దమ్ము పని ముగిసిన తరువాత ముందు భాగమును శుభ్రముగా కడగండి. చదునైన చోట నిలిపి, పనిముట్టును నేలకు దించి, ఇంజను ఆపి, తాళము తీసి జేబులో వేసుకొనండి. ముందు ఇరుసు దగ్గర నుండి వెదకుట తేలిక. అక్కడ ఒక సిలిండరు, దానికి రెండు గొట్టములు కనబడును. వాటి వెంట పోతే స్టీరింగు స్తంభము అడుగున, రెండు పిడికిళ్లంత ఇనుప దిమ్మ దగ్గర తేలుతారు. ఇదే స్టీరింగు యూనిట్టు. దీనికి మరి రెండు గొట్టములు ఉంటాయి: ఒకటి పంపు నుండి నూనె తెచ్చునది, రెండవది నూనెను తిరిగి టాంకుకు చేర్చునది. తరచు వీటి దగ్గర పి, టి, ఎల్, ఆర్ అను అక్షరములు పోతపోసి ఉంటాయి. పి గొట్టము వెంట పోతే ఇంజను ప్రక్కన పంపు దొరుకును. టాంకు కొన్నింటిలో పంపు మీదనే, కొన్నింటిలో విడిగా ఉంటుంది. కొన్నింటిలో విడి టాంకే లేక గేరుపెట్టె నూనెయే వాడబడును. నూనె రకము కంపెనీ పుస్తకములో ఉన్నదే పోయండి. ఇంట్లో మిగిలిన ఇంజను నూనె పనికిరాదు.

స్టీరింగు బరువెక్కినదని ఒక రైతు కొత్త పంపు బిగించుకొని వచ్చినాడు, గుణము లేదు. తీరా చూడగా టాంకులోని ఫిల్టరు మడ్డితో మూసుకుపోయి ఉన్నది. కావున మొదట ముందు టైర్ల గాలి, పిమ్మట నూనె మట్టము, ఆ తరువాత ఫిల్టరు చూడండి. నూనె నురుగు కట్టితే ఎక్కడో గాలి పీల్చుచున్నదన్న మాట. టాంకు నుండి పంపుకు పోవు గొట్టము బిగింపు చూడవలెను. పంపు వంతు చివర వచ్చును.

కారుట ఎక్కడో తెలిసికొనుటకు చేతితో తడమకూడదు. ఇంజను నడుచునప్పుడు సన్నని చిల్లు నుండి వచ్చు నూనె చర్మమును దూసుకొని లోపలికి పోగలదు. పైకి సూదిపోటు వలె ఉంటుంది, నొప్పి కూడ తక్కువ. లోపల కండ చెడిపోవును. అట్లు జరిగితే ఒక్క పూట కూడ ఆగక ఆసుపత్రికి పోయి నూనె గుచ్చుకొన్నదని చెప్పవలెను. వెదకుటకు అట్టముక్క చాలును.

చక్రమును చివరికంటా త్రిప్పి అట్లే బిగబట్టు అలవాటు కొందరికి ఉన్నది. అప్పుడు వచ్చు కీచుమని శబ్దము పంపు మొరయే. నూనె వేడెక్కును, కొంచెము వెనుకకు వదలండి.

కారు కూడ ఉన్న వారికి ఒక మాట. ఇప్పటి కార్లలో చాలవాటికి స్టీరింగును తోడునది విద్యుత్ మోటారు. అందులో ఈ పంపు, టాంకు, నూనె ఏవియు ఉండవు. బానెట్ ఎత్తి వెదకి లాభము లేదు.