ఆగగలిగిన ప్రాణం

జంతుశాస్త్రాన్ని జీవితాంతం తెలుగులో బోధించిన మాస్టారి పేరిట మాట్లాడమంటే పులినో ఏనుగునో ఎంచుకోవాల్సింది. నేను ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవిని ఎంచుకున్నాను. మన కోస్తా రొయ్యల హేచరీల్లో పనిచేసేవాళ్లకు దీని పరిచయం అక్కర్లేదు. డబ్బా మూత తీస్తే గోధుమరంగు పొడి, వేళ్ల మధ్య సన్నిసుకలా జారుతుంది. గ్రాముకు రెండు లక్షల రేణువులకు పైనే. ఉప్పునీళ్లలో పోసి, గాలి కొట్టించి, లైటు వేసి ఉంచితే మర్నాటికల్లా నారింజరంగు పిల్లలు ఈదుతుంటాయి. రొయ్యపిల్లలకు అవే మేత. ఈ పొడికి పేరుమోసిన చోటు అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్.

పొడి అంటున్నాను గానీ, ఒక్కో రేణువూ సుమారు నాలుగు వేల కణాల పిండం. నీళ్లు అనుకూలంగా ఉన్నంతకాలం తల్లి ఈదే పిల్లలనే కంటుంది. ఉప్పు ముదిరినా, ఆక్సిజన్ తగ్గినా పిండాలను గట్టి పెంకులో మూసి వదులుతుంది. ఎండకముందే వాటికి సరంజామా అంతా సమకూరుతుంది. ట్రెహలోజ్ అనే చక్కెరే ఎండు బరువులో 15 శాతం దాకా ఉంటుంది. నీరు వదిలిన జాగాలో అది చేరి కణాల పొరలు అంటుకుపోకుండా, ప్రొటీన్లు చెదరకుండా కాస్తుంది.

నీరే లేనప్పుడు రసాయన చర్యలు ఆగడంలో వింతేముందని మీరు అడగవచ్చు. జీవశాస్త్రవేత్త జేమ్స్ క్లెగ్ అక్కడే పట్టుకున్నాడు. నీళ్లలో బాగా నానిన పిండాలను మామూలు వెచ్చదనంలోనే ఉంచి, ఆక్సిజన్ ఒక్కటే అందకుండా చేశాడు. ఒకటి కాదు, రెండు కాదు, నాలుగేళ్లు. గాలి తగలనిచ్చాక వాటిలోంచి పిల్లలు బయటికొచ్చాయి. ఈ ప్రయోగంపై 1997లో అచ్చయిన వ్యాసంలో ఆయన వాదన, జీవక్రియ నెమ్మదించడం కాదు, పూర్తిగా ఆగిందని. ఆక్సిజన్ అందకపోగానే కణాల్లో ఆమ్లత్వం పెరిగి ఎంజైములు పని మానేస్తాయి. పీ26 అనే ప్రొటీన్ మిగతా ప్రొటీన్లు ముద్దకట్టకుండా పట్టి ఉంచుతుంది.

అయితే శవానికీ ఇలా ఆగిన పిండానికీ తేడా ఏమిటి? జీవశాస్త్రవేత్త డేవిడ్ కీలిన్ 1959లో అచ్చయిన ఉపన్యాసంలో ఈ స్థితికి క్రిప్టోబయోసిస్ అని పేరు పెట్టాడు. తొలితరం సూక్ష్మదర్శిని పరిశోధకుడు లేవెన్‌హుక్ పేరిట ఇచ్చిన ఉపన్యాసం అది. మళ్లీ కదలగలిగే నిలకడ అన్నది ఆయన నిర్వచనంలో ఉంది. నాకూ అదే సబబుగా తోస్తుంది. కట్టడం చెదరకపోతే చాలు, పని నడవకపోయినా ప్రాణం ఉన్నట్టే లెక్క.

హేచరీవాళ్లకు ఈ తర్కంతో పనిలేదు. వాళ్ల భయం చెమ్మ. మూత సరిగా బిగించని డబ్బాలో పొడి కాస్త తేమ పీల్చుకుంటే పిండం సగం మేలుకుంటుంది. పిల్లగా ఎదగడానికి ఆ తేమ చాలదు, దాచుకున్న శక్తి కరగడానికి మాత్రం సరిపోతుంది. అలాంటి పొడిని తర్వాత ఎంత మంచి నీళ్లలో పోసినా పిల్లలు తక్కువే వస్తాయి.