ఓటు: అమ్మకానికి పెట్టరాని సాక్ష్యం



సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక. ముందుగా మనకు మనం, ఆ తర్వాత ఒకరికొకరం దైవభీతిని ఉద్బోధించుకుందాం.

దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా 58వ ఆయతులో, అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించవలసిందిగా అల్లాహ్ మనల్ని ఆదేశించాడు. అదే సూరా 135వ ఆయతులో, సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా న్యాయంపైనే నిలబడవలసిందిగా ఆజ్ఞాపించాడు. అమానతు అనగానే ఎవరో దాచమని ఇచ్చిన నగలో, నగదో మనకు గుర్తుకు వస్తాయి. కాని ఓటు కూడా అమానతే. ముఫ్తీ ముహమ్మద్ షఫీ వంటి ధర్మవేత్తలు ఓటును ఒక సాక్ష్యంగా, ఒక సిఫారసుగా, ఒక వకాలతుగా వివరించారు. ఈ వ్యక్తి ఈ బాధ్యతకు తగినవాడని అల్లాహ్ సమక్షంలో మనం ఇచ్చే వాంగ్మూలమే ఓటు.

సోదరులారా! ఈ సాక్ష్యం విలువ ఏమిటో మన నల్లగొండ నేలకు తెలుసు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలిచారు. ఫ్లోరైడ్ నీరు తాగి ఎముకలు వంగిపోయిన ప్రాంతం తాగునీటి కోసం, సాగునీటి కోసం ఎత్తిన గొంతు అది. సామాన్య రైతులు తలా 500 రూపాయల ధరావతు కట్టి నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగును వాయిదా వేయవలసి వచ్చింది. దాదాపు అందరూ ధరావతు పోగొట్టుకున్నారు. అయినా నల్లగొండ దాహం దేశమంతటికీ తెలిసింది. చేతి నుండి డబ్బు పెట్టి సాక్ష్యం చెప్పిన ప్రజలు వారు.

అదే జిల్లాలో 2022 నవంబరు 3న మునుగోడు ఉప ఎన్నిక జరిగింది. సుమారు 93 శాతం పోలింగు నమోదైంది. అది గర్వించదగిన విషయమే. కాని ఆ రోజుల్లోనే కోట్ల రూపాయల నగదు పట్టుబడింది. చెప్పిన మొత్తం తమకు అందలేదని కొన్ని గ్రామాల ఓటర్లు నిరసనకు దిగినట్లు పత్రికలు రాశాయి. ఒకనాడు నీళ్లు ఇవ్వలేదని నిలదీసిన నేల మీద, కవరు ఇవ్వలేదని నిలదీసే రోజు వచ్చింది.

ప్రళయదినాన అల్లాహ్ కన్నెత్తి చూడని ముగ్గురిని గురించి దైవప్రవక్త (స) హెచ్చరించారు. వారిలో ఒకడు కేవలం ప్రాపంచిక లాభం కోసం నాయకునికి మాట ఇచ్చేవాడు. లాభం అందితే సంతోషిస్తాడు, అందకపోతే ఆగ్రహిస్తాడు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఈ హదీసు ముందు మనల్ని మనం నిలుపుకొని చూసుకుందాం.

ఇది ఇతరుల తప్పు అని తప్పించుకోలేం. మసీదుకు రంగులు వేయిస్తామంటే, ఖబ్రస్తాన్‌కు ప్రహరీ కట్టిస్తామంటే, మహల్లా ఓట్లన్నీ ఒక్క మాట మీద అప్పగించే పెద్దలు మనలోనూ ఉన్నారు. ఖబ్రస్తాన్‌కు గోడ అడగడం మన హక్కు. దాన్ని ఓటుకు ధరగా మార్చడం మాత్రం లంచమే. లంచం ఇచ్చేవానిని, పుచ్చుకునేవానిని ఇద్దరినీ దైవప్రవక్త (స) శపించారు. దేశ చట్టం కూడా ఇద్దరినీ నేరస్థులుగానే చూస్తుంది. ఏడాది వరకు జైలు శిక్ష ఉంది.

"డబ్బు తీసుకున్నాం, అల్లాహ్ పేరిట ప్రమాణమూ చేశాం. ఇప్పుడు మాట తప్పితే పాపం కాదా?" అని కొందరు మథనపడతారు. పేద ఇంట్లో ఈ భయం చిన్నది కాదు. అధర్మ కార్యానికి చేసిన ప్రమాణం మనల్ని ఆ అధర్మానికి కట్టిపడేయదు. ప్రమాణం చేసిన తర్వాత అంతకంటే మేలైనది కనిపిస్తే, ఆ మేలైన పనే చేసి పరిహారం చెల్లించాలని దైవప్రవక్త (స) బోధించారు. ఆ పరిహారాన్ని అల్‌మాయిదా సూరా 89వ ఆయతు వివరించింది: పది మంది పేదలకు అన్నం పెట్టాలి, లేదా బట్టలు ఇవ్వాలి. ఆ స్తోమతు లేనివారు మూడు రోజులు ఉపవాసం ఉండాలి. తీసుకున్న సొమ్మును ఇచ్చినవారికే తిరిగి ఇవ్వాలి. అది వీలుకాకపోతే, పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చి తౌబా చేసుకోవాలి. మళ్లీ ఆ కవరు వైపు చేయి చాచకూడదు.

"ఎవరికి వేశారో మాకు తెలిసిపోతుంది" అని బెదిరించేవారికీ లొంగవద్దు. మీట నొక్కిన తర్వాత వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు మనకు మాత్రమే కనిపించి పెట్టెలో పడిపోతుంది. ఆ మరుగులో మన వేలు ఎటు కదిలిందో ఏ నాయకుడూ చూడలేడు. చూసేవాడు అల్లాహ్ ఒక్కడే. పనికోసం ముంబయి, పుణె పోయిన పాలమూరు సోదరుడు కూడా జాబితాలో తన పేరు ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి. పార్టీ పెట్టిన బండిలో కాకుండా, తన ఖర్చుతో వచ్చి స్వేచ్ఛగా సాక్ష్యం చెప్పే ప్రయత్నం చేయాలి. రాలేని పేదవాని ప్రయాణానికి, ఎవరికి వేయాలో చెప్పకుండా, మనమే చేయూతనిద్దాం.

ఓ అల్లాహ్! మా సాక్ష్యాలను అమ్ముకునే పేదరికం నుండి, కొనుక్కునే అహంకారం నుండి మమ్మల్ని కాపాడు. అమానతును నిలబెట్టే ధైర్యాన్ని మాకు, న్యాయంగా పాలించే నాయకులను మా దేశానికి ప్రసాదించు. ఆమీన్.