కడుపులో బల్ల: పేరు దొరకని జబ్బు, తెలుసుకునే హక్కు

(రాజమండ్రిలో స్త్రీల ఆరోగ్య కార్యకర్తల శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం అనగానే మనం కాన్పుల గురించి, గర్భసంచి గురించి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడవలసినవే. కానీ ఈ రోజు నేను స్త్రీల జబ్బుల జాబితాలో ఎక్కడా కనిపించని ఒక అవయవం గురించి మాట్లాడదలచుకున్నాను. డాక్టర్లు దాన్ని స్ప్లీన్ అంటారు. పాఠ్యపుస్తకాల్లో ప్లీహం. అది వాస్తే మన పెద్దవాళ్లు "కడుపులో బల్ల" అనేవారు. ఎడమ పక్కటెముకల కింద గట్టిగా చేతికి తగిలే ఆ వాపుకి ఆ మాట సరిగ్గా సరిపోతుంది.

రెండేళ్ల క్రితం నాకు ఎడమ డొక్కలో బరువు మొదలైంది. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వాలిపోయేది. మొదట చూపించుకున్న చోట గ్యాస్ అన్నారు. రెండో చోట నా వయసు అడిగి, ముట్లు ఆగిపోయే రోజులు కదా, ఇలాగే ఉంటుందన్నారు. మూడో చోట, "మీరు బాగా ఆలోచిస్తారనుకుంటానండీ" అని నిద్రమాత్ర రాశారు. నాలుగో చోట ఒక యువ డాక్టరు నన్ను పడుకోమని, మోకాళ్లు మడవమని, గట్టిగా ఊపిరి తీసుకోమని, ఎడమ పక్కటెముకల కింద చెయ్యి పెట్టింది. అర నిమిషం పట్టింది. స్కానింగ్‌లో ప్లీహం 15 సెంటీమీటర్లు ఉంది. పెద్దవాళ్లలో మామూలుగా అది 12 సెంటీమీటర్ల లోపు ఉంటుంది. అంతవరకు నా కడుపు మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. చదువు, ఉద్యోగం, ఇంగ్లీషు ఉన్న నాకే ఇలా జరిగితే, ఊడ్పుల్లో కూలి పోగొట్టుకుని ఆస్పత్రికి వచ్చే స్త్రీ మాటేమిటి?

ఈ ప్లీహం చేసే పనేమిటి? ముసలివైపోయిన ఎర్రకణాలను ఏరివేస్తుంది. రక్తంలోకి చొరబడ్డ క్రిములతో పోరాడుతుంది. కాబట్టి అది వాచిందంటే, ఒంట్లో మరెక్కడో ఏదో జరుగుతోందని అర్థం. మలేరియా, టైఫాయిడ్, క్షయ కావచ్చు. హెపటైటిస్ వల్లనో మరో కారణం వల్లనో కాలేయం గట్టిపడి ఉండవచ్చు. కాలేయానికి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఉండవచ్చు. సికిల్ సెల్, తలసీమియా వంటి పుట్టుకతో వచ్చే రక్తదోషాలు కావచ్చు. లూపస్ కావచ్చు. ఈ జబ్బు వచ్చే ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలే. కొన్ని రకాల రక్త కాన్సర్లు కూడా మొదట కడుపు బరువుగానే బయటపడతాయి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియానే తీసుకోండి. ఒకప్పుడు ప్రాణాంతకమైన ఆ జబ్బును ఇప్పుడు రోజూ వేసుకునే ఇమాటినిబ్ మాత్రతో ఏళ్ల తరబడి అదుపులో పెడుతున్నారు. నోవార్టిస్ కంపెనీ ఆ మందుమీద అడిగిన పేటెంటును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తిరస్కరించింది గనుకే మనదేశపు కంపెనీలు దాన్ని చౌకగా అమ్మగలుగుతున్నాయి. కానీ ఆ మాత్ర దాకా చేరాలంటే ముందు ఎవరో ఒకరు కడుపు తడిమి చూడాలి.

మరి ఎందుకు చూడరు? ఈ సమాజం దృష్టిలో స్త్రీ కడుపు అంటే గర్భసంచే. నొప్పి పైన ఉన్నా, పక్కన ఉన్నా అనుమానం అక్కడికే పోతుంది. మన రాష్ట్రంలో ఆ అనుమానం తేలిగ్గా ఆపరేషన్‌గా మారిపోతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో సుమారు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తంమీద అది 3 శాతం పైచిలుకు. వీటిలో అవసరమైన ఆపరేషన్లు లేవని నేననడం లేదు. కానీ "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా ఎందుకది" అన్న ఒక్క మాటతో రోగనిర్ధారణ ముగిసిపోవడం మనందరం విన్నదే. గర్భసంచి పోతుంది, అప్పు మిగులుతుంది. అసలు జబ్బు వేరేదైతే నొప్పీ మిగులుతుంది.

ఇక్కడ రెండు తీర్పులు మనం గుర్తుపెట్టుకోవాలి. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరి 16న సుప్రీంకోర్టు, పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు ఇచ్చిన సమ్మతి కాదని చెప్పింది. ఆమె మత్తులో ఉండగా తల్లి చేత ఒప్పించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మేజరైన, తెలివిలోకి రాగానే తనే నిర్ణయించుకోగల స్త్రీ తరఫున తల్లి ఇచ్చిన ఒప్పుదల చెల్లదని కోర్టు అంది. తల్లికే లేని అధికారం భర్తకెక్కడిది, అత్తగారికెక్కడిది? రెండోది, 2023 ఏప్రిల్ 5న డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో ఇచ్చిన తీర్పు. అనవసరంగా గర్భసంచులు తొలగించడాన్ని అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలులోకి తేవాలని అది ఆదేశించింది.

ఇప్పుడు డెల్టా దాటి పైకి, రంపచోడవరం, మారేడుమిల్లి వైపు వెళ్దాం. మన్యం జ్వరం పేరు మనందరికీ తెలుసు. పదేపదే మలేరియా వచ్చే చోట ప్లీహం వాపు ఎంత సాధారణమంటే, ఒక ఊళ్లో ఎంతమంది పిల్లలకు ప్లీహం వాచిందో లెక్కపెట్టి ఆ ఊరి మలేరియాను అంచనా వేసే పద్ధతి బ్రిటిష్ కాలం నుంచీ ఉంది. దానికితోడు ఏజెన్సీ తెగల్లో సికిల్ సెల్ ఉంది. 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ గిరిజన ప్రాంతాలలో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు లక్ష్యంగా పెట్టుకుంది. మంచిదే. కానీ పరీక్ష చేసి చేతిలో కార్డు పెట్టి వెళ్లిపోతే, ఆ కార్డు భారం ఎవరి మీద పడుతుంది? పెళ్లిచూపుల్లో అమ్మాయి కార్డే అడుగుతారు. పుట్టిన బిడ్డకు జబ్బు ఉంటే తల్లినే అంటారు. ఆ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, దోషమున్న రెండు జన్యువులు బిడ్డకు చేరాలి. ఈ ఒక్క వాస్తవం ప్రతి గూడెంలో చెప్పవలసిన బాధ్యత మనది.

సికిల్ సెల్ ఉన్న చిన్నపిల్లల్లో ఒక్కోసారి రక్తం ప్లీహంలో ఒక్కసారిగా నిలిచిపోయి, అది గంటల్లో ఉబ్బిపోతుంది. వెంటనే రక్తం ఎక్కించకపోతే బిడ్డ దక్కదు. జమైకాలో డాక్టర్లు తల్లులకు బిడ్డ కడుపు తడిమి ప్లీహం ఎంతుందో చూడడం నేర్పారు. ఆ మరణాలు బాగా తగ్గాయి. యంత్రాలేవీ కొనలేదు, తల్లుల చేతులకు విద్య ఇచ్చారు, అంతే. మన ఆశా కార్యకర్తలకు, ఏజెన్సీ తల్లులకు ఇది ఎందుకు నేర్పకూడదు?

ఇంకొక విషయం. వాచిన ప్లీహం దెబ్బకు పగిలిపోవచ్చు. కడుపులోపలే రక్తం కారి మనిషి చనిపోవచ్చు. ఈ వాస్తవాన్ని చరిత్రలో ఎవరు ఎలా వాడుకున్నారో చూడండి. 1875లో ఆగ్రాలో ఫుల్లర్ అనే ఆంగ్ల న్యాయవాది తన గుర్రపువాడు కట్వారూను కొట్టాడు. కట్వారూ చనిపోయాడు. ప్లీహం వాచి ఉంది కాబట్టి పగిలిందన్నారు. ఫుల్లర్‌కు పడిన శిక్ష 30 రూపాయల జరిమానా. 1876లో వైస్రాయి లిట్టన్ సైతం ఈ తీర్పును తప్పుపట్టవలసి వచ్చింది. దెబ్బ కొట్టినవాడిది కాదు నేరం, తట్టుకోలేని శరీరానిది! ఈ తర్కం మనకు కొత్తేమీ కాదు. "ముందునుంచీ జబ్బుమనిషేనండీ, చిన్న తోపుకే పడిపోయింది" అన్న మాట భార్యల మరణాల్లో మనం వింటూనే ఉన్నాం. జబ్బుతో ఉన్న మనిషిని గాయపరచి మరణాన్ని త్వరపెట్టినా ఆ మరణానికి కారకుడైనట్టేనని భారత శిక్షాస్మృతి 299వ సెక్షన్ మొదటి వివరణ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన న్యాయసంహితలోనూ ఆ వివరణ ఉంది. అయితే కొట్టినవాడికి జబ్బు సంగతి తెలుసా అన్న ప్రశ్న మీద నేరం తీవ్రత మారిపోతుంది. అందుకే హింస ఉన్న ఇంట్లోని స్త్రీకి ప్లీహం వాచిందని తెలిస్తే, ఆ విషయం 2005 గృహహింస చట్టం కింద ఇచ్చే ఫిర్యాదులో రాయించాలి. డాక్టరు చీటీ జతపరచాలి. దెబ్బ తగిలాక ఎడమ డొక్కలో తీవ్రమైన నొప్పి, ఎడమ భుజంలోకి పాకే నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఒక్క గంట కూడా ఆగకూడదు.

అన్ని పరీక్షలూ అయ్యాక కూడా కారణం దొరకని వాళ్లుంటారు. నేను వాళ్లలో ఒకదాన్ని. మలేరియా, కాలేయం, రక్తకణాలు, రక్తనాళాలు, అన్నీ చూశారు. నా డాక్టరు, "ఏమీ లేదని నేననడం లేదండీ, ఇప్పటికి కనబడలేదంటున్నాను" అంది. ఈ రెండు మాటలకూ చాలా తేడా ఉంది. "ఏమీ లేదు" అంటే నువ్వు నటిస్తున్నావని ఇంట్లోవాళ్లకు అర్థం. "ఇప్పటికి కనబడలేదు" అంటే మళ్లీ చూడాలని అర్థం. ఆరునెలలకోసారి రక్తపరీక్ష, స్కానింగ్ చేయించుకుంటున్నాను. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తింటున్నాను. జ్వరం, బరువు, నొప్పి వచ్చిన రోజు ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. మందుల షాపులో అడిగి నొప్పిమాత్రలు వేసుకోవడం లేదు. రక్తం చిక్కబడే కణాలు తగ్గి ఉంటే వాటివల్ల రక్తస్రావం కావచ్చు. ఈ జాగ్రత్తల్లో ప్రతిదానికీ డబ్బు కావాలి, తీరిక కావాలి, తోడు వచ్చే మనిషి కావాలి. జబ్బుతో సర్దుకుపోవడం అనేది ధైర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. కూలికి, సెలవుకి, బస్సు చార్జీకి సంబంధించిన విషయం కూడా.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. కడుపునొప్పితో వచ్చిన ప్రతి స్త్రీని పడుకోబెట్టి చేత్తో పరీక్షించాలి, పక్కన ఒక ఆడమనిషి ఉండాలి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 వైద్యమండలి నిబంధనలు చెప్పాయి, ఆ కాగితాలు ఆమె చేతికే ఇవ్వాలి. ప్లీహం తీసెయ్యాలంటే, ఎందుకో తెలుగులో చెప్పాలి. అది లేని మనిషికి కొన్ని అంటురోగాలు ప్రాణం మీదికి తెస్తాయి కాబట్టి, వీలైనంతవరకు ఆపరేషన్‌కు రెండు వారాల ముందే టీకాలు వెయ్యాలి. ఏజెన్సీలో సికిల్ సెల్ కార్డుతో పాటు మందులూ, రక్తమూ దగ్గర్లో దొరకాలి.

రేపు మీ ఊళ్లలో ఒక స్త్రీ వచ్చి "అమ్మా, ఇక్కడ బరువుగా ఉంటోంది" అని ఎడమ డొక్క చూపిస్తే, గ్యాసో, గర్భసంచో మనమే తేల్చెయ్యవద్దు. ఎన్నాళ్లనుంచి అని అడుగుదాం. ఆమెతోపాటు ఆస్పత్రికి వెళ్దాం. ఎవరైనా చెయ్యిపెట్టి చూసేదాకా అక్కడే నిలబడదాం.