వేటమాంసం – కంటికి కనబడని పురుగు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య శాఖ ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ముందు సర్వీసంతా గడిపినవాణ్ణి. కార్యదర్శిగారు ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. బి.పి., షుగరుల గురించి మీరు వింటూనే ఉన్నారు కనుక, నేడు వేటమాంసం సంగతి ఎంచుకున్నాను. "మేము శాకాహారులం, మాకెందుకండీ?" అనకండి. మనలో చాలామంది అమెరికాలో పిల్లల దగ్గర ఆరేసి నెలలు ఉండి వస్తున్నవారే. అక్కడ జరిగిన సంగతే చెబుతాను.

2022లో దక్షిణ డకోటా రాష్ట్రంలో ఒక కుటుంబానికి చెందిన తొమ్మిదిమంది కలుసుకున్నారు. కెనడాలో వేటాడిన నల్ల ఎలుగుబంటి మాంసాన్ని 45 రోజులు ఫ్రీజరులో ఉంచి, కూరగాయలతో కలిపి నిప్పులపై కాల్చారు. మాంసం ముదురు రంగుది కావడంతో ఉడికిందో లేదో తెలియలేదు. తినడం మొదలుపెట్టాక పచ్చిగా ఉందని గ్రహించి మళ్లీ కాల్చారు. అప్పటికే ఆలస్యమైంది. ఆరుగురికి జబ్బు చేసింది. ముగ్గురు ఆసుపత్రిలో చేరారు. ఆ ఆరుగురిలో ఇద్దరు మాంసం ముట్టనే లేదు, దానితో కాల్చిన కూరగాయలే తిన్నారు! అదృష్టవశాత్తు అందరూ కోలుకున్నారు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2024లో ఈ వివరాలు ప్రకటించింది.

ఈ పురుగు పేరు ట్రైకినెల్లా. 1835లో లండనులో జేమ్స్ పాజెట్ అనే వైద్య విద్యార్థి ఒక శవం కండరాల్లో దీనిని గుర్తించాడు. మాంసంలోని పిల్లపురుగులు మన పేగుల్లో పెరిగి, సంతానాన్ని కంటాయి. ఆ సంతానం రక్తం ద్వారా కండరాల్లోకి చేరుతుంది. మొదట కడుపునొప్పి, విరేచనాలు. కొన్ని వారాలకు జ్వరం, కళ్ల చుట్టూ వాపు, తీవ్రమైన ఒళ్లునొప్పులు. రక్తపరీక్షలో ఇసినోఫిల్ కణాలు పెరుగుతాయి. ముదిరితే గుండెకూ, మెదడుకూ ముప్పే.

"ఫ్రీజరులో పెట్టాం కదా" అన్న ధీమా పనికిరాదు. చలిదేశాల అడవి జంతువుల్లో ఉండే రకం గడ్డకట్టినా చావదు. ఉప్పు పట్టించినా, ఎండబెట్టినా, పొగ పెట్టినా నమ్మకం లేదు. ముక్క లోపలి వరకు 74 డిగ్రీల సెంటీగ్రేడు వేడి తగలాలి. రంగు చూసి కాదు, థర్మామీటరు గుచ్చి చూడాలి. పచ్చిమాంసం తగిలిన కత్తి, పళ్లెం వేరుగా ఉంచాలి. శాకాహారులకు వేరే పెనం, వేరే చువ్వలు పెట్టమని మొహమాటపడకుండా అడగండి.

మన దేశంలో అనుమతి లేని వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా చాటుగా అడవిపంది మాంసం తెచ్చి ఇస్తే వద్దనండి.

చివరిగా ఒక్క మాట. విందు తరువాత కొన్ని వారాలకు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే, ఏమి తిన్నారో, దేనితో కలిపి వండినది తిన్నారో డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఆల్బెండజోల్ వంటి మందులున్నాయి. త్వరగా మొదలుపెడితేనే మేలు. ఈ సంగతి మీ అమ్మాయిలకు, అబ్బాయిలకు ఫోనులో చెప్పండి.